అక్షరం నొక్కితే పలకాలి: పేజీలో ఆడియో, వీడియో పెట్టడానికి ఏ దారి దేనికి బాగుంటుంది

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇటు కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా వచ్చీసినట్టే. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ పుస్తకం చేతిలో పెడితే అక్షరం పోల్చుకోలేరు, అందుకని ఆదివారం పొద్దున్న ఒక పిన్నిగారింటి వరండాలో పది పన్నెండు మంది గుంటల్ని కూచోబెట్టి తెలుగు చెప్తున్నాం. ఆ తరగతి కోసమే ఒక వెబ్ పేజీ చేసాను. అక్షరం నొక్కితే పలకాలి, కథ వినిపిస్తుంటే ఆ వాక్యం రంగు మారాలి, అక్కడక్కడా వీడియో రావాలి, చివర్లో చిన్న ప్రశ్నలు ఉండాలి. ఇంతే కావాల్సింది. కానీ ఒక్కోదానికి నాలుగేసి దారులున్నాయి, ఏది దేనికి పనికొస్తుందో తేల్చుకోవడానికి నాకు దగ్గర దగ్గర ఒక ఏడాది పట్టింది. బరంపురం, రాయగడ, గుణుపూర్ వైపు మనవాళ్ళు ఇలాంటి పేజీలు చేద్దామని అడుగుతుంటే ప్రతిసారీ ఫోన్లో చెప్పేబదులు ఇలా రాస్తున్నాను.

ఒక్క ప్రశ్న ముందు వేసుకోండి, మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి. ఆ ఆడియో గానీ వీడియో గానీ ఎప్పుడు మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో మీ పేజీ చెప్పాలా, లేకపోతే చూసేవాళ్ళు ప్లే నొక్కుకుని చూసుకుంటే చాలా? చూసుకుంటే చాలు అంటే వేరేవాళ్ళ ప్లేయర్ తెచ్చి పెట్టీండి, ఖర్చు లేదు. పేజీయే చెప్పాలి అంటే ఫైల్ మీ దగ్గరే ఉండాలి. ఈ తేడా పట్టించుకోకుండా "అందరూ యూట్యూబే కదా పెడుతున్నారు" అని మొదలెడితే సగం దాకా వచ్చాక మళ్ళీ మొదటికెళ్ళాల్సొస్తుంది, నాకలాగే అయింది.

అక్షరాల పలుకుతో మొదలెడతాను, ఎక్కువ కష్టపడింది దీనికే.

మా పిల్లలకి వచ్చే ఇబ్బంది ఏటంటే ఒడియాలో ఎ, ఏ రెండూ ఒక్కటే అక్షరం, ఒ, ఓ కూడా అంతే. హ్రస్వం దీర్ఘం తేడా వాళ్ళ బడి చదువులో లేదు. పైగా ఒడియా మొదటి అక్షరం మన అ లాగ కాకుండా కాస్త ఒ వైపు పలుకుతుంది. మాటల్లో సరిగ్గా పలికే పిల్లాడే చదివేటప్పుడు "మెడ", "మేడ" రెంటినీ ఒకేలా చదివేస్తాడు. కాబట్టి మాకు పలుకు ఖచ్చితంగా ఉండాలి, ఎ ఎంతసేపు పలకాలో అంతసేపే పలికి ఆగాలి, దాని వెనకాల ఇంకో శబ్దం తోకలాగ రాకూడదు.

మొదట నేను చేసింది ఒకే పెద్ద ఎంపీ3. పిన్నిగారి చేత 56 అక్షరాలూ వరసగా చెప్పించి, ఒకే ఆడియో ట్యాగ్ (పేజీలో శబ్దం పెట్టే హెచ్‌టీఎంఎల్ మాట) పెట్టి, అక్షరం నొక్కగానే కరెంట్‌టైమ్ ని, అంటే ఎక్కణ్ణుంచి వినిపించాలో చెప్పే విలువని, ఆ సెకనుకి జరిపి ప్లే చేసి, ఆ అక్షరం అయిపోయే టైముకి పాజ్. ఒకే ఫైల్, ఒకేసారి దిగుతుంది, చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆపడం దగ్గర వచ్చింది తంటా. పాట ఎంతవరకు వచ్చిందో బ్రౌజర్ మనకి చెప్పే టైమ్‌అప్‌డేట్ అనే సంకేతం క్షణక్షణానికీ రాదు, సెకనులో పావు వంతు దాకా ఆలస్యంగా రావచ్చు. ఆ పావు సెకనులో ఎ అయిపోయి ఏ మొదలైపోద్ది. పిల్లాడు ఎ నొక్కితే "ఎ, ఏ" అని సగం సగం వినిపిస్తుంది. నేర్పించాల్సిన తేడానే అక్కడ చెడిపోయింది. పిన్నిగారు నా లాప్‌టాప్ దగ్గర కూచుని నాలుగైదుసార్లు నొక్కి చూసి "ఏటి బాబూ, నేను ఇలా పలకలేదే, నా గొంతు ఎవరో కత్తిరించినట్టుంది" అన్నారు. నిజమే, అలాగే ఉంది.

అప్పుడు రెండో దారి పట్టాను, అక్షరానికో ఫైల్. 56 చిన్న ఎంపీ3లు, 56 ఆడియో ట్యాగులు. ఆగే సమస్య పోయింది, ఎందుకంటే ఫైల్ అయిపోతే ఆగిపోద్ది, మనం ఆపక్కర్లేదు. కానీ తెలీక అన్నిటికీ ప్రీలోడ్ ఆటో, అంటే నొక్కకముందే ఫైల్ తెచ్చుకో అని, రాసీసాను. పేజీ తెరవగానే ఫోన్ 56 ఫైళ్ళకీ ఒకేసారి పరిగెడుతుంది. సైజు పెద్దది కాదు, 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు) లో ఒక సెకను శబ్దం అంటే 8 కేబీ, మొత్తం కలిపి అర ఎంబీ లోపే, కానీ నెట్ వీక్‌గా ఉన్నచోట 56 సార్లు వెళ్ళి రావడమే భారం, బొమ్మలన్నీ ఆగిపోయి తెల్ల పేజీ కనిపించేది. తర్వాత ప్రీలోడ్ నన్ (ముందుగా ఏదీ తేవద్దు) చేసి, పిల్లాడు ఏ వరస తెరిస్తే ఆ వరసవి మాత్రం తెచ్చేలాగ మార్చాను. ఇలా చేస్తే ఈ దారి బాగుంటుంది. జావాస్క్రిప్ట్ పెద్దగా రానివాళ్ళకి నేను ఇదే చెప్తాను, కళ్ళు మూసుకుని చేసుకోవచ్చు.

మూడోది వెబ్ ఆడియో ఏపీఐ, శబ్దాన్ని స్క్రిప్ట్‌తో నడపడానికి బ్రౌజర్‌లోనే ఉన్న పరికరం. ఇప్పుడు మా పేజీలో నడుస్తున్నది ఇదే. ఇందులో ఫైల్‌ని ముందే డీకోడ్ చేసి, అంటే కుదించిన శబ్దాన్ని విప్పి, ఫోన్ మెమరీలో పెట్టుకుంటాం, తర్వాత "ఇన్నో సెకను నుంచి ఇంతసేపు" అని చెప్తే కచ్చితంగా అంతే వాయిస్తుంది, టైమ్‌అప్‌డేట్ కోసం ఎదురుచూడ్డం లేదు. అంటే పాత ఒకే పెద్ద ఫైల్‌ని మళ్ళీ వాడుకోవచ్చు, తోక రాదు, నొక్కగానే ఆలస్యం లేకుండా పలుకుతుంది. ఎ, ఏ పక్కపక్కన పెట్టి పిల్లలు టకటకా మార్చి మార్చి నొక్కుతుంటే తేడా వాళ్ళకే తెలిసిపోతోంది. ఒక పాప అయితే "మెడ, మేడ, మెడ, మేడ" అని అరగంట సేపు అదే ఆట ఆడింది. అయితే దీనికి రెండు హద్దులున్నాయి. డీకోడ్ చేసిన శబ్దం చాలా చోటు తింటుంది, నిమిషం లోపు అక్షరాల ఫైల్ మోనోలోనే పది ఎంబీ చుట్టూ పడుతుంది, అదే పది నిమిషాల కథ అయితే వంద ఎంబీ దాటిపోద్ది. కాబట్టి చిన్న చిన్న శబ్దాలకి మాత్రమే వాడండి, కథలకీ పాటలకీ వద్దు. రెండోది, పేజీ మీద ఒక్కసారైనా వేలు పడేదాకా బ్రౌజర్ దీన్ని మాట్లాడనివ్వదు, అందుకని మొదట్లో "మొదలెడదాం" అని పెద్ద బటన్ ఒకటి పెట్టి, అది నొక్కినప్పుడే ఆడియో కాంటెక్స్ట్‌ని (ఆ ఏపీఐలో శబ్దం నడిపే యంత్రం లాంటిది) లేపాలి.

ఈ వేలు పడే సంగతి అన్ని దారులకీ ఉంది కాబట్టి ఇక్కడే చెప్పీస్తాను. పేజీ తెరవగానే పాట దానంతటదే మోగడం ఇప్పుడు మామూలుగా జరగదు. క్రోమ్ 2018 ఏప్రిల్లో వచ్చిన 66వ వెర్షన్ నుంచి శబ్దంతో ఆటోప్లే ఆపేసింది, సఫారీ అంతకు కొన్ని నెలల ముందే ఆపింది. మ్యూట్‌లో ఉన్న వీడియో అయితే ఆడుతుంది. గుడి పేజీ తెరవగానే సుప్రభాతం రావాలి అని అడిగేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు, వాళ్ళకి మర్యాదగా చెప్పండి, రాదు అండీ, బటన్ పెడదాం అని. రాకపోవడమే మంచిది కూడా. ఆఫీసులోనో ఆస్పత్రిలోనో కూచుని తెరిచినవాళ్ళ ఫోన్ ఒక్కసారి గట్టిగా మోగితే ఆ పేజీకి మళ్ళీ రారు. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్ గొంతు వింటూ పేజీ చదువుకుంటారు, మన పాట మోగితే వాళ్ళకి ఏదీ వినబడదు. వెబ్ అందుబాటు నియమాల్లో కూడా మూడు సెకన్ల కంటే ఎక్కువసేపు దానంతటదే మోగే శబ్దానికి ఆపే మీట గానీ శబ్దం తగ్గించే మీట గానీ ఉండాలని ఉంది.

ఇప్పుడు వీడియో. అందరూ అడిగే ప్రశ్న ఇదే, యూట్యూబ్ ఎంబెడ్ చెయ్యాలా (వాళ్ళ ప్లేయర్‌నే మన పేజీలో అతికించడం), మన సర్వర్లోనే ఎంపీ4 పెట్టి వీడియో ట్యాగ్ వాడాలా.

లెక్క వేసి చూడండి. ఫోన్లో చూడ్డానికి సరిపోయే 480పీ వీడియో సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున వేసుకుంటే నిమిషానికి ఏడున్నర ఎంబీ, పది నిమిషాలకి 75 ఎంబీ. వందమంది చూస్తే 7.5 జీబీ. చవక హోస్టింగ్ తీసుకున్నవాళ్ళకి నెలలో ఇలాంటి వీడియోలు నాలుగు హిట్ అయితే కోటా అయిపోద్ది, నాకు తెలిసిన ఒక సంఘం వాళ్ళ పేజీ పండగ రోజుల్లోనే మూతపడింది, సరిగ్గా జనం చూసే రోజుల్లో. యూట్యూబ్‌లో ఆ ఖర్చు మనది కాదు, పైగా నెట్‌ని బట్టి నాణ్యత దానంతటదే తగ్గిస్తుంది పెంచుతుంది. మన ఎంపీ4 ఒక్కటే సైజు, మోహన వైపు కొండల్లో సిగ్నల్ ఒక గీతకి పడిపోతే తిరుగుతూనే ఉంటుంది. మనం కూడా నాణ్యత మారేలాగ చెయ్యొచ్చు, హెచ్ఎల్ఎస్ అని ముక్కలు ముక్కలుగా చేసి పెట్టే పద్ధతి ఉంది, ఐఫోన్లో నేరుగా ఆడుతుంది, మిగతా చోట్ల హెచ్ఎల్ఎస్ డాట్ జేఎస్ అనే లైబ్రరీ కలిపితే నమ్మకంగా నడుస్తుంది, కానీ చిన్న తరగతికి అంత పని అవసరం లేదు.

కాబట్టి మూడు నిమిషాలు దాటిన ఏ వీడియో అయినా, ఉపన్యాసం గానీ నాటకం గానీ బరంపురం బుఢీ ఠాకురాణి యాత్ర వేషాలు గానీ, యూట్యూబ్‌లోనే పెట్టండి. లైవ్ అయితే ఇంక ఆలోచించొద్దు.

కానీ యూట్యూబ్‌కి ఇచ్చేసాక కంట్రోల్ ఎంత మిగులుతుందో తెలిసి ఇవ్వండి. ఐఫ్రేమ్ అంటే మన పేజీలో వేరే పేజీని చూపించే పెట్టె, యూట్యూబ్ ప్లేయర్ అందులోనే వస్తుంది. దానితో మాట్లాడ్డానికి ఐఫ్రేమ్ ఏపీఐ అని ఒకటి ఉంది, లింకులో ఎనేబుల్‌జేఎస్‌ఏపీఐ విలువ 1 పెడితే మన పేజీ నుంచి ప్లే, పాజ్ చెప్పొచ్చు, ఫలానా సెకనుకి వెళ్ళమని చెప్పొచ్చు, అయిపోతే సంకేతం వస్తుంది. "పద్యం వినండి", "అర్థం వినండి" అని రెండు బటన్లు పెట్టి అదే వీడియోలో రెండు చోట్లకి పంపడం లాంటివి చక్కగా అవుతాయి. కానీ సీక్‌టు (ఫలానా సెకనుకి వెళ్ళు) అని చెప్పినప్పుడు ఆ భాగం ఇంకా దిగకపోతే దానికి ముందున్న కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ దాచి ఉన్న చోటు) దగ్గరికి వెళ్తుంది, అంటే ఒకటి రెండు సెకన్లు వెనక్కి పడొచ్చు. లింకులో ఇచ్చే స్టార్ట్ విలువ పూర్తి సెకన్లలోనే. వీడియో ఎక్కడిదాకా వచ్చిందో అదే చెప్పదు, మనమే మాటిమాటికీ అడుగుతుండాలి. వాక్యం వాక్యం వెంట పడాల్సిన పనికి ఇది సరిపోదు, పాఠం పాఠం వెంట పడ్డానికి హాయిగా సరిపోతుంది.

పిల్లల పేజీకి ఇంకోటి చూసుకోవాలి. వీడియో ఆపినప్పుడూ అయిపోయినప్పుడూ వేరే వీడియోల బొమ్మలు వస్తాయి. లింకులో రెల్ విలువ 0 పెడితే అవి రావు అని పాత సలహా ఇప్పటికీ తిరుగుతోంది, అది 2018 సెప్టెంబరు నుంచి మారిపోయింది, ఇప్పుడు రెల్ 0 పెట్టినా వస్తాయి, కాకపోతే అదే ఛానల్ వీడియోలు వస్తాయి. ఛానల్ మీదే అయితే పరవాలేదు, వేరేవాళ్ళ పాట తెచ్చి పెడితే వాళ్ళ మిగతా వీడియోలన్నీ మీ పిల్లలకి కనిపిస్తాయి, ముందే ఆ ఛానల్ చూసుకోండి. నేను చేసేది ఏటంటే వీడియో అయిపోయిందన్న సంకేతం రాగానే ఆ ప్లేయర్‌నే పేజీలోంచి తీసీసి దాని చోట "తర్వాత పాఠం" అనే బొమ్మ పెడతాను. ప్లేయర్ ఆడుతుండగా దాని మీద మన బొమ్మలు కప్పడం మాత్రం చెయ్యకండి, వాళ్ళ షరతులు ఒప్పుకోవు. ప్లేయర్ సైజు కూడా కనీసం 200కి 200 పిక్సెళ్ళు ఉండాలి, బాగా చిన్నది చేసి ఆడియోలా వాడదాం అనుకునేవాళ్ళకి ఆ దారి లేదు.

బరువు సంగతి. ఒక పేజీలో ఆరు యూట్యూబ్ వీడియోలు నేరుగా పెట్టారనుకోండి, ఒక్కటి కూడా ప్లే నొక్కకముందే ఒక్కో ప్లేయర్ వందల కేబీల స్క్రిప్ట్ తెచ్చుకుంటుంది. పాత ఫోన్లు అక్కడే చతికిలపడతాయి. దీనికి మందు చాలా సుళువు, మొదట వీడియో తాలూకు బొమ్మ ఒక్కటే పెట్టి దాని మీద ప్లే గుర్తు వెయ్యండి, నొక్కినప్పుడే ఐఫ్రేమ్ తెచ్చి పెట్టండి. లైట్ యూట్యూబ్ ఎంబెడ్ అని ఉచితంగా దొరికే చిన్న స్క్రిప్ట్ సరిగ్గా ఈ పనే చేస్తుంది. అది కూడా వద్దనుకుంటే ఐఫ్రేమ్‌కి లోడింగ్ లేజీ అన్నా రాయండి, కిందున్న వీడియోలు అక్కడిదాకా జరిపేవరకూ లోడ్ అవ్వవు. యూట్యూబ్‌కే ఉన్న నో కుకీ అడ్రస్ (youtube-nocookie.com) నుంచి ఎంబెడ్ చేస్తే పిల్లలు ఏం చూసారన్నది వాళ్ళ యూట్యూబ్ సిఫార్సుల్లో కలవదు, అది కూడా నేను అలవాటుగా చేస్తాను.

మరి సొంత వీడియో ట్యాగ్ ఎప్పుడు? చిన్నవాటికి, మన మాట కచ్చితంగా వినాల్సినవాటికి. రెండు ఉదాహరణలు చెప్తాను.

ఒకటి అక్షరం రాసే వరస. ఋ రాయడంలో పెన్ను ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో చూపించే ఆరేడు సెకన్ల వీడియో, శబ్దం లేదు, లూప్‌లో తిరుగుతుంటుంది. దీన్ని చాలామంది జిఫ్ చేస్తారు, వద్దు. జిఫ్‌లో 256 రంగులే, సైజు ఎంపీ4 కంటే చాలా ఎక్కువ, ఆపే మీట ఉండదు. వీడియో ట్యాగ్‌కి మ్యూటెడ్, లూప్, ఆటోప్లే, ప్లేస్‌ఇన్‌లైన్ అని నాలుగు మాటలు రాస్తే జిఫ్ లాగే ఆడుతుంది, పైగా ప్లేబ్యాక్‌రేట్ (ఆడే వేగం) అరకి తగ్గించి "మెల్లగా చూపించు" అని బటన్ ఇవ్వొచ్చు. ప్లేస్‌ఇన్‌లైన్ మర్చిపోతే ఐఫోన్లో వీడియో మొత్తం తెర ఆక్రమిస్తుంది. మెల్లగా బటన్ పెట్టాక పిల్లలు పలక మీద పక్కనే రాసుకుంటూ చూస్తున్నారు, పాజ్ చేసి మరీ.

రెండోది బరంపురం పట్టు చీరలమ్మే ఒక బంధువు దుకాణం పేజీ. వాళ్ళకి మగ్గం మీద ఫోడా కుంభ అంచు పడుతుండే దృశ్యం కావాలి, ఆ గుడి గోపురం వరస ఒక్కో పోగుతో లేస్తుంటే చూసేవాళ్ళు చూస్తూ ఉండిపోతారు. ఎనిమిది సెకన్ల ముక్క తీసి, పోస్టర్‌గా మొదటి బొమ్మ ఇచ్చి, అదే పద్ధతిలో పెట్టాం. దీనికి యూట్యూబ్ పెడితే ఎర్ర గుర్తు, పేరు, సిఫార్సులు, చీర కంటే అవే ముందు కనబడతాయి. ఇక్కడ వీడియో ట్యాగే.

ఫైల్ తయారు చేసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త. ఐఫోన్లో తీసిన వీడియో చాలాసార్లు హెచ్‌ఈవీసీ రూపంలో వస్తుంది, అది అన్ని బ్రౌజర్లలో ఆడదు, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేసి హెచ్264, ఏఏసీ ఎంపీ4గా మార్చండి, అది దాదాపు ఎక్కడైనా ఆడుతుంది. అదే హ్యాండ్‌బ్రేక్‌లో వెబ్ ఆప్టిమైజ్డ్ అనే గడి టిక్ పెట్టండి. అది పెట్టకపోతే వీడియో తాలూకు సూచిక ఫైల్ చివర్లో ఉండిపోయి, ఆడ్డం మొదలవ్వడానికి చాలాసేపు పట్టొచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడేవాళ్ళకి ఇదే పని ఫాస్ట్‌స్టార్ట్ అని చెప్తే అవుతుంది. మూడోది వాట్సాప్. మనవాళ్ళందరూ గొంతు రికార్డు చేసి వాట్సాప్ వాయిస్ నోట్‌గా పంపుతారు, అది ఓపస్ ఫైల్, కొన్ని పాత ఐఫోన్లలో మోగదు, ఎంపీ3 గానీ ఎం4ఏ గానీ చేసుకుని పెట్టండి. ఇంకా బాగుండాలంటే ఫోన్లోని రికార్డర్‌లో చేసి ఫైల్‌గా పంపమనండి, ఫ్యాన్ ఆపి, గది మధ్యలో కాకుండా బట్టల బీరువా పక్కన కూచుని. పిన్నిగారి గొంతు మూడోసారి అలాగే రికార్డు చేసాం, మొదటి రెండుసార్లకీ దానికీ పోలిక లేదు.

కథ దగ్గరికి వద్దాం. కథ వినిపిస్తుంటే చదువుతున్న వాక్యం పసుపు రంగు అవ్వాలి, వాక్యం మీద నొక్కితే అక్కణ్ణుంచి వినిపించాలి. దీనికి నేను పెద్ద లైబ్రరీలు మూడు చూసాను, చివరికి ఏదీ అక్కర్లేదని తేలింది. బ్రౌజర్‌లోనే ఉంది, ట్రాక్ ట్యాగ్. వెబ్‌వీటీటీ అని మామూలు టెక్స్ట్ ఫైల్, మొదటి లైన్లో దాని పేరు, తర్వాత ఏ సెకను నుంచి ఏ సెకను దాకా ఏ వాక్యం అని వరసగా రాసుకోవడం. యూటీఎఫ్8లో సేవ్ చేస్తే చాలు, తెలుగు శుభ్రంగా వస్తుంది. ట్రాక్ రకం మెటాడేటా అని పెడితే తెర మీద దానంతటదే చూపించదు గానీ వాక్యం మారినప్పుడల్లా మన స్క్రిప్ట్‌కి క్యూచేంజ్ అని కబురు పంపుతుంది. ఆ కబురు రాగానే పాత వాక్యం రంగు తీసీసి కొత్తదానికి వెయ్యడమే. ఇరవై లైన్ల స్క్రిప్ట్ కూడా అవ్వలేదు. ఇదే పద్ధతిలో ఇంకో ట్రాక్ ఒడియా అర్థాలతో పెట్టాను, తెలుగు చదవలేని తల్లులకి పక్కన ఒడియా కనిపిస్తుంటే వాళ్ళూ పిల్లల పక్కన కూచుంటున్నారు. యూట్యూబ్‌లో సబ్‌టైటిల్స్ పెట్టొచ్చు గానీ అవి వాళ్ళ ప్లేయర్ లోపలే ఉంటాయి, వాక్యం మారిందని మన పేజీకి కబురు రాదు. కాబట్టి వెంట చదివించే కథ అంటే ఫైల్ సొంతం, ఆడియో ట్యాగ్, ట్రాక్, వేరే ఆలోచన వద్దు. గొంతుకి మోనో 64 కేబీపీఎస్ చాలు, నిమిషానికి అర ఎంబీ, ఎనిమిది నిమిషాల కథ నాలుగు ఎంబీ.

టైములు రాయడం విసుగు పనే. నేను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో వింటూ వాక్యం చివర లేబుల్ పెట్టుకుంటూ పోతాను, పది నిమిషాల కథకి ఒక గంట పడుతుంది. వాక్యం మొదలయ్యే టైముకి ఒక పిసరు ముందే రంగు మారేలా పెట్టండి, కన్ను ముందు అక్కడికి వెళ్ళాలి, చెవి తర్వాత వెళ్ళాలి. ఆలస్యంగా మారితే పిల్లలు తికమక పడతారు, ఇది కూచుని గమనిస్తేనే తెలిసింది నాకు.

ప్రశ్నలు, క్విజ్‌లు. వీడియో మధ్యలో ఆగి "ఇప్పుడు కాకి ఏం చేసింది?" అని అడిగి, జవాబు నొక్కాక ముందుకెళ్ళాలి అంటే రెండు దారులు. మీరే స్క్రిప్ట్ రాసుకోవడం, లేదా హెచ్‌5పీ. ఈ హెచ్‌5పీ నార్వేలో మొదలైన ఉచిత పరికరం, ఇంటరాక్టివ్ వీడియో అనే రకంలో వీడియో గీత మీద ఏ సెకను దగ్గర ఏ ప్రశ్న రావాలో మౌస్‌తో పెట్టుకోవచ్చు, కోడ్ రాయక్కర్లేదు. యూట్యూబ్ లింక్ ఇచ్చినా తీసుకుంటుంది. మీ పేజీ వర్డ్‌ప్రెస్ లోనో మూడుల్ (పాఠాలు పెట్టే వేదిక) లోనో ఉంటే ప్లగిన్ వేసుకుంటే అయిపోయింది, మాస్టార్లు ఎవరికైనా ఒక పూటలో నేర్పించొచ్చు, బడికి ఇది చాలా మంచిది. నాలాగ మామూలు పేజీ అయితే లూమీ అనే ఉచిత డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో తయారు చేసి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా తీసుకోవచ్చు. కానీ బరువు ఎక్కువ, చిన్న క్విజ్ కూడా ఎంబీల్లోకి వెళ్తుంది. నేను లాప్‌టాప్ మీద తరగతిలో చూపించేవాటికి హెచ్‌5పీ, పిల్లలు ఇంటి దగ్గర ఫోన్లో చూసేవాటికి సొంత స్క్రిప్ట్ అని పెట్టుకున్నాను. నాలుగు బొమ్మలు, ఒక శబ్దం, సరైనది నొక్కితే చప్పట్లు, ఇది రాసుకోవడం కష్టం కాదు.

మిగతావి త్వరగా చెప్పీస్తాను. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి ప్రివ్యూ ఐఫ్రేమ్ తేవచ్చు, నలుగురు చూడ్డానికి బాగుంటుంది గానీ మన స్క్రిప్ట్ మాట వినదు, డ్రైవ్ లింక్‌ని వీడియో ట్యాగ్‌లో పెడితే నమ్మకంగా ఆడదు. విమియో అని యూట్యూబ్ లాంటిదే ఇంకో వీడియో సైటు, దాని ప్లేయర్ శుభ్రంగా ఉంటుంది, కంట్రోల్ యూట్యూబ్ కంటే బాగా ఇస్తుంది, డబ్బు పెట్టగలిగిన సంస్థ అయితే తీసుకోండి, ఉచితంలో హద్దులెక్కువ. ఫేస్‌బుక్ పోస్టు ఎంబెడ్ చెయ్యడం నాకు ఇష్టం లేదు, బరువు, పైగా పోస్టు తీసీస్తే మన పేజీలో ఖాళీ పెట్టె మిగులుతుంది. ఫ్లాష్ పాఠాలు సీడీల్లో ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, ఫ్లాష్‌కి 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ ఆడించడమే మానేసింది. ఆ ఫైళ్ళు పారెయ్యకండి, రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్ స్క్రిప్ట్ పేజీలో కలిపితే పాతవాటిలో చాలావరకు మళ్ళీ ఆడతాయి, ముందు అది వేసి చూడండి.

ఎక్కడ పెట్టాలి అంటే మాది గిట్‌హబ్ పేజెస్‌లో ఉంది, ఉచితం. సైటు మొత్తం ఒక జీబీ, ఒక్కో ఫైల్ 100 ఎంబీ లోపు, నెలకి 100 జీబీ దాకా అని హద్దు చెప్తారు, అక్షరాలకీ కథలకీ అది చాలా ఎక్కువ. అంతకుముందు పేరు చెప్పనక్కర్లేని ఒక ఉచిత హోస్టింగ్‌లో ఆడియోలు పెట్టి పేజీ వేరే చోట పెట్టాను, ఒకరోజు వాళ్ళు బయటి పేజీలకి ఫైళ్ళు ఇవ్వడం ఆపేసారు, ఆదివారం తరగతిలో పిల్లలు నొక్కుతున్నారు, ఏదీ పలకలేదు. అప్పట్నుంచీ పేజీ, ఆడియో ఒకే చోట. సొంత సర్వర్ తీసుకునేవాళ్ళు అది రేంజ్ రిక్వెస్టులు (ఫైల్లో కావాల్సిన ముక్క మాత్రం అడగడం) ఒప్పుకుంటుందో లేదో అడగండి, ఒప్పుకోకపోతే సఫారీలో వీడియో ఆడకపోవచ్చు, మిగతా వాటిలో ముందుకి జరపడం అవ్వదు.

ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు బడి చెప్పుకుంటూ, కొండల్లో ఉండే సవరలని ఇంటికి పిలిచి కూచోబెట్టి వాళ్ళ మాట విని సవర భాష నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగే రాయాలని పట్టుబట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. అందుకే మా పేజీలో గొంతులన్నీ ఈ ఊరివే పెట్టాను. రెడీగా దొరికే కంప్యూటర్ గొంతు వాడితే పని గంటలో అయిపోయేది, అది కూడా ఒక ఎంపికే, బ్రౌజర్‌లోనే స్పీచ్ సింథసిస్ ఉంది. కానీ తెలుగు గొంతు ఉందా లేదా అన్నది ఆ ఫోన్ని బట్టి ఉంటుంది, ఒక ఫోన్లో పలుకుతుంది ఇంకోదాన్లో నోరు మెదపదు. పిల్లలకి కూడా పిన్నిగారి గొంతయితే వేరు, "ఇది మన మామ్మే" అని గుర్తుపట్టి నవ్వుకుంటూ నొక్కుతారు.

చివరిగా పెన్‌డ్రైవ్ సంగతి. గుణుపూర్ అవతల ఊళ్ళలో ఇద్దరు ముగ్గురు నెట్ లేకుండా కావాలన్నారు, ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఇస్తే లాప్‌టాప్‌లో ఇండెక్స్ ఫైల్ డబుల్ క్లిక్ చేసి చూసుకుంటున్నారు. ఆడియో ట్యాగులు, వీడియో ట్యాగులు అలా తెరిచినా ఆడతాయి, యూట్యూబ్‌వి ఆడవు. ట్రాక్ ఫైల్‌ని మాత్రం అలా తెరిస్తే క్రోమ్ చదవనివ్వదు, వెబ్ ఆడియో కోసం ఫైల్ తెచ్చుకోవడం కూడా కుదరదు. అందుకని పెన్‌డ్రైవ్ కాపీకి వాక్యాల టైములు స్క్రిప్ట్‌లోనే జాబితాగా రాసీండి, అక్షరాలకి విడివిడి ఎంపీ3 పద్ధతి పెట్టీండి. నేను రెండు ఫోల్డర్లుగా ఉంచుకున్నాను, కొత్త కథ వచ్చినప్పుడల్లా రెండింట్లోనూ కలుపుతాను, ఇచ్చేముందు లాప్‌టాప్ వైఫై ఆపి ప్రతి అక్షరం ఒకసారి నొక్కి చూస్తాను.